ఎమ్మెస్సీ చదువు, పక్కింటి వాంగ్మూలం

ఎమ్మెస్సీలో ఏ శాస్త్రం చదవాలన్న సంగతిని, అక్కడి నుంచి ఇంటికి సాయంత్రం బస్సు ఎన్నింటికన్న దాన్నిబట్టి తేల్చుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే, ఇప్పుడు మీరు చదువుతున్నది అటువంటి మనిషి రాతే. విశాఖపట్నంలో జీవరసాయనశాస్త్రం, గుంటూరు వైపు సూక్ష్మజీవశాస్త్రం, మద్రాసులో నోరు తిరగని మరేదో శాస్త్రం ఉండగా, మూడింటినీ తలా ఒక వాక్యంతో కొట్టిపారేసి, కాకినాడలో ఒక కళాశాలవారు చెప్పే జంతుశాస్త్రాన్ని ఎంచుకున్నాను. నాకు కావలసింది వైద్యవిద్య. ఆ జంతుశాస్త్రంలో ప్రత్యేకాంశం రొయ్యలూ చేపలూ. అయినా అక్కడ నాలుగున్నరకు తరగతులు ముగిస్తే ఆరు గంటలకల్లా మా ఇంట్లో కాళ్ళు కడుక్కోవచ్చు. తక్కిన మూడు శాస్త్రాలకూ లేని విశిష్టత అదే.

ఈ ఎంపికలోని తర్కం తెలియాలంటే ముందు మా ఊరి భూగోళం తెలియాలి. యానాంలో ఒక వీధి పట్టుకుని చివరిదాకా నడిస్తే రాష్ట్రం మారిపోతుంది. భాష మారదు, యాస మారదు, చేపల కూరలో పులుపు మారదు. పెట్రోలు ధర, దానితోపాటు మరికొన్ని ద్రవాల ధరలు మాత్రం మారతాయి. వాటితోపాటు వైద్యవిద్య సీట్ల లెక్క కూడా మారుతుంది. యానాం పుదుచ్చేరి పాలనలోది గనుక, అక్కడి కళాశాలల్లో యానాం పిల్లల కోసం కొన్ని సీట్లు విడిగా ఉండేవి. అవి అడగాలంటే ఇక్కడ అయిదేళ్ళు ఎడతెగకుండా నివసించినట్టు ధ్రువపత్రం చూపాలి. మేము గోదావరి అవతలి పల్లె నుంచి నాన్న రొయ్యల మేత దుకాణం పెట్టడం కోసం వచ్చినవాళ్ళం. వచ్చింది నా ఇంటర్ మొదటి ఏటి పరీక్షలయ్యాక. ఇంటర్ రెండో ఏడు, డిగ్రీ మూడేళ్ళు కలిపితే నాలుగే అయ్యాయి. అవతలి రాష్ట్రపు ప్రవేశపరీక్షలో నాకొచ్చిన ర్యాంకు నలుగురిలో చెప్పుకునేది కాదు. కాబట్టి ఒక ఏడాది ఎలాగో గడపాలి, అదీ యానాంలోనే గడపాలి.

"ఏడాదేగా, ఇంట్లో కూర్చుని ఆ పరీక్షకే చదువుకోవచ్చుగా?" అన్నాడు నాన్న.

"ఖాళీగా ఉన్న ఆడపిల్లకి వీధి వీధంతా పని చెబుతుందండీ. నేనూ చెబుతాను," అంది అమ్మ. అమ్మ నిజాయితీ అటువంటిది.

మూడేళ్ళు కళాశాల వక్తృత్వ పోటీల్లో ఆరితేరినదాన్ని గనుక, నేను ఈ విషయాన్ని భోజనాల దగ్గర సక్రమంగా చర్చకు పెట్టాను. విశాఖపట్నం పక్షాన నేనే మాట్లాడాను, ప్రతిపక్షంలోనూ నేనే మాట్లాడాను. హాస్టల్లో ఉంటే నివాసం తెగినట్టేనా అన్నది ప్రధాన ప్రశ్న. తెగినట్టేనని ఒకరు, చదువు కోసం వెళ్ళడం లెక్కలోకి రాదని మరొకరు చెప్పారు. ధ్రువపత్రాలిచ్చే కార్యాలయంలో అడిగితే, "ఎందుకైనా మంచిది, ఇక్కడే ఉండండమ్మా," అన్నారు. ఆ 'ఎందుకైనా' దేనికో అడిగాను గాని, ఆ చెప్పినాయన అప్పటికే తరువాతి మనిషి కాగితాలు అందుకున్నారు.

"నీ వాదన బ్రహ్మాండంగా ఉంది గాని, పప్పు చల్లారిపోతోంది," అంది అమ్మ.

"నన్నడిగితే ఆ కాకినాడ చదువే మంచిది," అన్నాడు నాన్న. "మనిషికి డాక్టరయ్యేలోపు రొయ్యకి డాక్టరవ్వు. మనిషికి జొరమొస్తే పది మంది డాక్టర్లున్నారు. చెరువుకి తెల్లమచ్చ రోగం వస్తే రైతు నా కొట్టుకొచ్చి నా మొహం చూస్తన్నాడు."

తీర్మానం నెగ్గింది. అయితే కళాశాలవారు చేర్చుకునే ముందు ఒక చిన్న మౌఖిక పరీక్ష పెట్టారు. తలనెరిసిన ఆచార్యులొకరు నా మార్కుల కాగితం పక్కన పెట్టి, "ఈ కోర్సే ఎందుకు?" అని అడిగారు. 'ఏడాది గడిపి వెళ్ళిపోవడానికండీ' అన్నది సత్యమైన జవాబు. నేను మాత్రం రొయ్యల వ్యాధుల మీద పరిశోధన చేయాలన్నది చిన్ననాటి కోరికని, మా తండ్రిగారి దుకాణానికి వచ్చే రైతుల కళ్ళల్లో దైన్యం చూసి ఆ కోరిక బలపడిందని, గొంతు ఎక్కడ తగ్గించాలో అక్కడ తగ్గిస్తూ చెప్పాను. అది అబద్ధమని నాకు తోచలేదు. చక్కని ముగింపు ఉన్న ప్రసంగమనే తోచింది.

ఆ ఏడాదంతా రోజూ పొద్దున్న కాకినాడ, సాయంత్రం యానాం. వేసవికి అయిదేళ్ళూ నిండాయి. అద్దె రశీదులు, రేషన్ కార్డు, కరెంటు బిల్లులు జతచేసి నివాస ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టాను. ఇరుగుపొరుగును విచారిస్తామన్నారు. మా పొరుగున ఉన్నది ఎవరు! యానాంలో పుట్టి, యానాంలో పెరిగి, మూడు తరాల పిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరైన ప్రధానోపాధ్యాయిని. వీధంతా ఆవిణ్ణి 'టీచరుగారు' అంటుంది. ఆదివారం చర్చిలో పాట ఒక స్వరం పక్కకు పోతే ఆవిడ తల తిప్పి చూస్తుంది, పాట దారికొస్తుంది. అంత నమ్మకమైన సాక్షి దొరకడం మా అదృష్టమని నాన్నతో అన్నాను.

ఒక సోమవారం కార్యాలయం నుంచి పిలుపు వచ్చింది. నాన్నా, నేనూ వెళ్ళాం. విచారణకు వచ్చి వెళ్ళిన గుమాస్తాగారే ఫైలు తెరిచారు. సౌమ్యుడు, ఇస్త్రీ మడత చెదరని చొక్కా.

"మీరు రాసినదానికీ, పక్కింటివారు చెప్పినదానికీ పొంతన లేదండీ," అన్నారాయన నాన్నతో. "ఇల్లు అద్దెదని మీరు రాశారు. సొంతమని, పైన ఇంకో అంతస్తు లేపుతున్నారని ఆవిడ చెప్పారు."

నాన్న నా వంక చూశాడు. నేను గుమాస్తాగారి వంక చూశాను.

"అమ్మాయి ఇక్కడే ఉంటుందని రాశారు. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి పెద్ద చదువు చదువుతోందని, పండగలకి మాత్రం వస్తుందని, వచ్చినా తలెత్తి ఎవర్నీ చూడదని ఆవిడ చెప్పారు. మీకు అవతల ఊళ్ళో పదెకరాల కొబ్బరితోట ఉందంట, వారంలో నాలుగు రోజులు మీ కాపరం అక్కడేనంట." ఆయన పేజీ తిప్పారు. "అమ్మాయి పులస పులుసు పెడితే వాళ్ళమ్మ కూడా పనికిరాదంట. ఇది నేనడగలేదండీ, ఆవిడే చెప్పారు."

ఒక్కొక్క గొప్పా వచ్చి దరఖాస్తులోని ఒక్కొక్క గడిని సరిగ్గా కొట్టేసింది. శత్రువు కూడా అంత పద్ధతిగా కొట్టలేడు.

"ఆవిడ మిమ్మల్ని ముందు ఏమైనా అడిగారాండీ?" అన్నాను.

"'అబ్బాయి ఏం చదివాడు' అన్నారు. మావాడు మూడో తరగతి అని చెప్పాను. ఎందుకోగాని, పెద్దగా నిట్టూర్చి, అక్కణ్ణుంచి మొదలెట్టారు."

అప్పుడు అర్థమైంది. ముక్కూ మొహం తెలియని మర్యాదస్తుడొకడు గుడ్డసంచితో వచ్చి, గుమ్మంలో నిలబడి, పక్కింటి వయసొచ్చిన అమ్మాయి గురించి, ఇల్లు సొంతమా, ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారు, అమ్మాయి ఎక్కడ ఉంటుంది అని నెమ్మదిగా అడిగితే, గోదావరికి ఇటైనా అటైనా అది ఒకటే: పెళ్ళివారి వాకబు. ఆ సంగతి చెప్పగానే గుమాస్తాగారు ఎర్రబడిపోయారు. "అయ్ బాబోయ్! అందుకాండీ నాకు రెండోసారి కాఫీ ఇవ్వలేదు!"

నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఆవిడే స్వయంగా వచ్చి అధికారి ఎదుట మాట మార్చి రాసిస్తే తప్ప ధ్రువపత్రం రాదని, వైద్యవిద్య దరఖాస్తుకు శుక్రవారం గడువు గనుక గురువారంలోగా రావాలని ఆయన చెప్పారు. ఆ కాగితం రాకపోతే ఆ ఏడాది నా దరఖాస్తే లేదు. బయటికొచ్చాక నాన్న స్కూటరు స్టార్ట్ చేయకుండా చాలాసేపు పట్టుకుని నిలబడ్డాడు.

ఇంటికొచ్చి చెబితే, అన్ని అబద్ధాల్లోనూ అమ్మను బాధపెట్టింది ఒక్కటే. "పులస పులుసు నాకంటే బాగా పెడతావంటనా? ఆవిడెప్పుడు తిన్నదంట?"

సాయంత్రం టీచరుగారింటికి వెళ్ళాను. వాకిట్లో మల్లెమొగ్గలు కోస్తోంది.

"వచ్చాడొకడు, అవును," అంది ఆవిడ, నేను సంగతంతా చెప్పాక కూడా ఏమాత్రం తొణక్కుండా. "అలా వచ్చినవాడు పెళ్ళికొడుకు మేనమామ కాకపోతే ఇంకెవడే?"

"మీరెవరని అడగొచ్చు కదండీ."

"అడక్కూడదు. వాళ్ళు చెప్పరు, మనం అడగం. అది మర్యాద. ఉన్నదానికి నాలుగు కలిపి చెప్పడం పొరుగింటి ధర్మం. మొదట నాలుగే కలుపుదామనుకున్నాను. అబ్బాయి మూడో తరగతన్నాడు. ఎమ్మెస్సీ చదివే పిల్లని మూడో తరగతివాడికి అడగడానికొచ్చాడా అని ఒళ్ళు మండింది. అందుకని నిన్ను విశాఖపట్నం పంపించాను, మీ నాన్నకి కొబ్బరితోట ఇచ్చాను. బెదిరి పోతాడని."

"ఎల్లుండో, గురువారమో మీరొచ్చి, జరిగింది చెప్పాలండీ."

ఆవిడ చేతిలోని మొగ్గలు గిన్నెలో వేసి నావైపు తిరిగింది. "ఆ అధికారి కుర్చీలో కూర్చున్నవాడెవడో తెలుసా? నా దగ్గర రెండో తరగతి. ఎక్కాలు అప్పచెప్పకుండా కడుపునొప్పని అబద్ధం చెబితే గోడకుర్చీ వేయించాను. వాడి ఎదుట నిలబడి, అబద్ధం చెప్పానయ్యా అనమంటావా? ఈ వయసులో?"

"మరేం చేద్దామండీ?"

"నువ్వు గడప దాటి ఎరగవని చెబుతాను. కాకినాడ ఎటుందో కూడా తెలీదని చెబుతాను."

"అది ఇంకో అబద్ధమండీ."

"మొదటిదాన్ని కొట్టేస్తుందిగా?"

"లెక్కల్లో కొట్టేస్తుందేమో. ఫైల్లో రెండూ ఉంటాయండీ."

అటుపైన నేను నిలబడి మాట్లాడాను. కూర్చుని మాట్లాడితే నాకు వాదన రాదు. సాక్ష్యం చెప్పేవారి మాట మీదే సమాజం నడుస్తుందన్నాను. మేలు కోరి చెప్పిన అసత్యం కూడా ఎవరికో ఒకరికి రావలసినదాన్ని అడ్డుకుంటుందని, దాన్ని చెప్పినవారే వెనక్కి తీసుకోవాలని, తీసుకోవడంలో అవమానం లేదని అన్నాను. మూడు నిమిషాలు పట్టింది. పోటీలో అయితే గంట కొట్టేవారు, చప్పట్లు కూడా కొట్టేవారు.

టీచరుగారు చివరిదాకా విన్నారు. "అయిందా? ఇప్పుడు నేనొకటి అడుగుతాను. కాకినాడలో నిన్ను చేర్చుకునే ముందు, ఈ చదువెందుకు అని అడిగారా?"

"అడిగారండీ."

"ఏం చెప్పావు?"

నేను కూర్చున్నాను.

"రొయ్యల రోగాల మీద పరిశోధన చేయాలని చిన్నప్పటి నుంచీ కోరికని."

"చిన్నప్పుడు నీకు రొయ్యల గురించి ఏం తెలుసు?"

"తినడం తెలుసండీ."

ఆవిడ నవ్వలేదు. "మేలు కోరి చెప్పిన అసత్యమన్నావే, అది ఎవరి మేలు కోరి? నేను చెప్పినవి నీ మేలు కోరి. నువ్వు చెప్పిందీ నీ మేలు కోరే. అయితే చూడు, అమ్మాయ్. నువ్వెళ్ళి ఆ మాస్టారి దగ్గర నీది వెనక్కి తీసుకో. అవమానం లేదన్నావుగా. తీసుకున్న మర్నాడు నేనొచ్చి నాది తీసుకుంటాను."

నేను ఎన్నో పోటీల్లో ఓడిపోయాను. ఓడించినవాళ్ళెవరూ టీచరుగారిలా తరువాత నాకు మల్లెమొగ్గలు కట్టివ్వలేదు.

మర్నాడంతా రకరకాల వాదనలు తయారుచేసుకున్నాను. వైద్యవిద్యలో సీటు రాకముందే ఆచార్యులకు చెప్పడం ఎందుకు, వచ్చాక చెప్పవచ్చు కదా అన్నది వాటిలో కొంచెం నిలబడగలిగింది. బుధవారం పొద్దున్న కాకినాడ వెళ్ళేసరికి అదీ పడిపోయింది. ఆచార్యులు ప్రయోగశాల వెనుక తొట్ల దగ్గర, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, చేతివలతో చచ్చిన రొయ్యపిల్లలు తీస్తున్నారు. ఉన్న విషయం ఉన్నట్టు చెప్పాను. గొంతు ఎక్కడా తగ్గించలేదు. అసలు లేవలేదు.

ఆయన వల తొట్టి అంచుకు ఆనించారు.

"ఆ రోజు ఇది చెప్పి ఉంటే నీకు సీటిచ్చేవాణ్ణి కాదు," అన్నారు.

"తెలుసండీ."

"నీ తరువాత జాబితాలో ఒకమ్మాయి ఉంది. రెండుసార్లు వచ్చి అడిగి వెళ్ళింది. ఇప్పుడేం చేస్తోందో నాకు తెలియదు."

ప్రతివాదన లేని వాక్యం ఒకటుంటుందని మూడేళ్ళ పోటీల్లో ఎవరూ నాకు నేర్పలేదు.

"తీసేస్తారాండీ నన్ను?"

"తీసేస్తే ఆ పిల్ల ఈపాటికి ఎక్కడి నుంచి వస్తుంది? ఖాళీ చేసినా ఆ కుర్చీ ఎవరికీ పనికిరాదు. వెళ్ళేదాకా రోజూ ఈ తొట్లలో నీళ్ళు మార్చడం నీ పని. వెళ్ళేటప్పుడు నా ఎదుటికొచ్చి చెప్పి వెళ్ళు, ఉత్తరం రాసి కాదు." ఆయన వల నా చేతికిచ్చారు. "చచ్చినవి ముందు తియ్యి."

గురువారం టీచరుగారు చర్చికి కట్టే చీర కట్టుకుని, నాకంటే ముందు ఆటోలో కూర్చున్నారు. కార్యాలయంలో అడుగుపెట్టగానే అధికారిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన వెనుకనున్న గుమాస్తాగారు, లేవడానికి కుర్చీ లేకపోయినా, ఇంకొంచెం నిటారుగా నిలబడ్డారు.

"కూర్చో నాయనా. కాగితం, కలం తీసుకో. నేను చెబుతాను, నువ్వు రాసుకో."

అధికారిగారు ఆ పని గుమాస్తాకు అప్పగించబోయారు. "నీకే చెప్పాను," అంది ఆవిడ. ఆయన రాయడం మొదలుపెట్టారు.

"పక్కింటి అమ్మాయి గురించి నేను లోగడ చెప్పిన మాటలు అబద్ధం. ఫుల్‌స్టాప్. ఆ వచ్చినాయన పెళ్ళివారి తాలూకు అనుకుని చెప్పాను. ఫుల్‌స్టాప్. వారు ఉండేది అద్దె ఇల్లు, కామా, కొబ్బరితోట లేదు, కామా, ఆ అమ్మాయి అయిదేళ్ళ నుంచి రోజూ రాత్రి నా పక్కింట్లోనే పడుకుంటోంది. ఫుల్‌స్టాప్." ఇక్కడ కొంగు భుజం మీదికి సర్దుకుంది. "నేను టీచరుగా పనిచేసి ఇలా చెప్పినందుకు సిగ్గుపడుతున్నాను. రాశావా?"

"చివరి వాక్యం అక్కర్లేదండీ, మేడమ్," అన్నారు అధికారిగారు, తలెత్తకుండా.

"నాకు అక్కరుంది. రాయి."

ఆయన రాశారు. ఆవిడ కాగితం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, రెండుచోట్ల అక్షరాలు సరిదిద్ది, సంతకం పెట్టారు. గుమాస్తాగారి దగ్గరికెళ్ళి, "మీవాడు మూడో తరగతి చదివాడనుకున్నాను, చదువుతున్నాడనుకోలేదు. ఏమనుకోకండి. సాయంత్రాలు పంపించండి, ఎక్కాలు చూస్తాను," అన్నారు. ఆయన ముఖంలో కృతజ్ఞత కంటే కొడుకు మీద జాలే ఎక్కువ కనిపించింది.

ధ్రువపత్రం ఆ సాయంత్రమే చేతికొచ్చింది. శుక్రవారం మధ్యాహ్నానికి నా దరఖాస్తు చేరవలసిన చోటికి చేరింది. ఆ ఏడాది సీటు రాలేదు. వచ్చినవారికి నాకంటే ఎక్కువ మార్కులున్నాయి. ఈ ఒక్క విషయంలో ఎవరితోనూ వాదించలేదు. రెండో ఏడు ఎమ్మెస్సీ తరగతిలో, వేరొకరిది కావలసిన బల్ల ముందు కూర్చుని, రొయ్యల వ్యాధుల గురించి నిజంగానే చదివాను. మరుసటి వేసవిలో వైద్యవిద్యలో సీటు వచ్చింది. తొట్ల దగ్గరికి వెళ్ళి, ఎదురుగా నిలబడి ఆ మాట చెప్పి వచ్చాను. ఆచార్యులన్న ఆ జాబితాలోని అమ్మాయి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే ఏం చెప్పాలో కూడా తెలియదు.

కాబట్టి మీకు ఒక విన్నపం. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మర్యాదస్తుడొకడు రేపు మీ గుమ్మంలో నిలబడి పక్కింటి పిల్ల గురించి అడిగితే, ముందు ఆయనెవరో అడగండి. మర్యాద తక్కువైనా ఫరవాలేదు. తరువాత, ఆయన ఎవరైనాసరే, మీరు చూసింది మాత్రమే చెప్పండి. అదే పిల్ల ఏ కళాశాల బల్ల ముందో నిలబడి తన గురించి తాను చెప్పుకోబోయే ముందు, మీరు పిలిచి కూర్చోబెట్టి, ఏం చెప్పబోతున్నావమ్మా అని ఒక్కసారి అడగండి. చెప్పింది విని, నిజమేనా అని రెండోసారి కూడా అడగండి.